మిగిలిన కొత్తిమీరతో నిల్వ పచ్చడి: తడి తగలకుండా చేసే పద్ధతి

మాది కంకిపాడు దగ్గర పల్లె. వరి కోశాక గట్టు పక్కన నాలుగు మళ్ళలో కొత్తిమీర వేస్తాం. ఘనజీవామృతం, పదిహేను రోజులకోసారి జీవామృతం, అంతే. చలికాలంలో అందరి పంటా ఒకేసారి వస్తుంది. పటమట రైతుబజారుకు వంద కట్టలు పట్టుకెళ్తే ముప్పై మిగిలిన రోజులున్నాయి. సాయంత్రానికి అవి వాడిపోతాయి, మర్నాడు ఎవరూ కొనరు.

అలా మిగిలినదాంతో పోయినేడు పచ్చడి పెట్టాను. ఆకు కడిగి, సరిగా ఆరకుండానే తొందరపడి నూరేశాను. పది రోజులకే జాడీలో తెల్లటి బూజు! పైపైన తీసేసి తినకూడదు కాబట్టి జాడీ మొత్తం పారబోశాం. "తడి తగిలితే ఏ పచ్చడీ నిలవదురా" అంది అమ్మ.

ఈసారి ఆమె చెప్పినట్టే చేశాను.

కావలసినవి: ఆకు పావు కిలో, చింతపండు 100 గ్రాములు, కారం 60, ఉప్పు 55, గానుగ నువ్వుల నూనె 200, ఆవపిండి రెండు చెంచాలు, మెంతిపిండి ఒక చెంచా, వెల్లుల్లి, చిన్న బెల్లం ముక్క.

పూత రాకముందే, లేతగా ఉన్నప్పుడు కోయాలి. వేర్లు తీసి, మూడు నీళ్ళు కడిగి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. చేత్తో పట్టుకుంటే చెమ్మ తగలకూడదు. మాకు ఒక రాత్రంతా పట్టింది. తర్వాత కొంచెం నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. చింతపండు కొద్దిగా మరిగిన నీళ్ళలో నానబెట్టి, గుజ్జు తీసి, నూనెలో దగ్గరపడేదాకా ఉడికించాలి. అన్నీ చల్లారాక ఉప్పు, కారం, పిండ్లు, బెల్లం వేసి నూరాలి. మిగతా నూనెలో వెల్లుల్లిని ఎర్రగా వేయించి, తాలింపు చల్లార్చి కలపాలి. పైన నూనె తేలాలి.

చింతపండు తగ్గించొద్దు. పులుపే పచ్చడికి కాపలా. ఇటలీవాళ్ళు తులసి జాతి ఆకుతో చేసే పెస్టోలో ఇంత పులుపు ఉండదు, అందుకే దాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచుతారు. పులుపు లేని పచ్చి ఆకును, పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి బయట పెడితే, గాలి ఆడనిచోట బొటులిజం కలిగించే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉంది.

ఈసారి పచ్చడి రెండు నెలలు దాటినా రంగు మారలేదు. వాడుకునే సీసా ఫ్రిజ్‌లో పెట్టాం, పొడి చెంచానే వాడుతున్నాం. ఇంటికైతే ఇది చాలు. అమ్మదలిస్తే మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోండి.

ఆకు ఎంతవరకు ఆరాలో, ఎంతవరకు వేగాలో కింది వీడియోలో చూపించాను. ముందు పావు కిలోతో చేసి చూడండి.