కడుపులో దొంగకు రంగు పడింది!

కడుపులో మంట అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మిరపకాయే. అందులోనూ గుంటూరు జిల్లాలో! చేబ్రోలులో ఎవరైనా పొట్ట పట్టుకుని కూర్చుంటే 'ఆవకాయ తగ్గించు' అంటారు ఇంట్లోవాళ్లు. 'పరగడుపున ఈ మాత్ర వేసుకో' అంటారు మందుల షాపువాళ్లు. నెలలు గడుస్తాయి, మంట తగ్గదు. చివరికి గుంటూరు వెళ్లి ఎండోస్కోపీ చేయించుకుంటే డాక్టరుగారు కడుపు లోపలి పొర నుంచి బియ్యపు గింజంత కూడా లేని ముక్కలు తీసి, ఫార్మాలిన్ సీసాలో వేసి ల్యాబుకి పంపుతారు. అదే బయాప్సీ. అసలు కథ ఆ సీసా మూత తీశాకే మొదలవుతుంది.

అక్కడ వెతికేది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే మెలి తిరిగిన బ్యాక్టీరియా కోసం. పొడవు మిల్లీమీటరులో సుమారు 300వ వంతు. కడుపులో పుండ్లకు ఇదీ, అతిగా వాడే నొప్పి మాత్రలూ ప్రధాన కారణాలు. కారం మంట పెంచుతుందేమో కానీ పుండు పెట్టేది అది కాదు. ఇది చాలామంది కడుపులో పైకి ఏ లక్షణమూ చూపకుండా ఉండిపోతుంది. కొందరిలోనే పుండుకూ, ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కూ దారితీస్తుంది. 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు.

మైనంలో బిగించి, పల్చటి పొరలుగా కోసి గాజు పలక మీద పరిచిన కడుపు ముక్కకి రంగంటూ ఉండదు. మైక్రోస్కోపులో ఏమీ తెలియదు. అందుకే అద్దకం! మొదట వేసేది హెమటాక్సిలిన్, ఇయోసిన్ల జోడీ. హెమటాక్సిలిన్ మధ్య అమెరికాలో పెరిగే ఓ చెట్టు కాండం నుంచి వచ్చిన రంగు. అది కణాలకు పట్టాలంటే పటిక కలపాలి. పెడన కలంకారీ అద్దకందారులు బట్టకు రంగు నిలవడానికి వాడేదీ పటికే! కణాల కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా మారుతుంది. బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటే ఇందులోనే దొరుకుతుంది. కొద్దిగా ఉంటే మాత్రం జిగురులో కలిసిపోయి కంటికి ఆనదు.

అప్పుడు జీమ్సా రంగు వేస్తారు. మలేరియా క్రిమిని పట్టుకోవడానికి 1904లో జర్మనీలో గుస్తావ్ జీమ్సా తయారుచేసిన రంగిది. చవక, పని తొందరగా అవుతుంది. బ్యాక్టీరియా ముదురు నీలంగా తేలుతుంది. ఇంకోటి వార్తిన్-స్టారీ వెండి అద్దకం. పసుపు నేపథ్యంలో బ్యాక్టీరియా నల్లగా కనిపిస్తుంది. 1920లో సిఫిలిస్ క్రిమి కోసం పుట్టిన ఈ పద్ధతే చరిత్రను మార్చింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ 1979లో ఓ కడుపు స్లైడు మీద నీలి గీత చూసి, వెండి అద్దకం చేస్తే బ్యాక్టీరియా గుంపు బయటపడింది. ఆమ్లంలో క్రిమి ఎలా బతుకుతుందని చాలామంది నమ్మలేదు. ఆయన సహచరుడు బ్యారీ మార్షల్ 1984లో ఏకంగా ఆ క్రిములున్న ద్రవం తాగేసి జబ్బు తెచ్చుకున్నాడు! 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

వెండి అద్దకం ఖరీదైనది, చేయి తిరిగినవాళ్లే చేయాలి. వెండి తుక్కు కూడా బ్యాక్టీరియాలా కనిపించి మోసం చేస్తుంది. అందుకే అన్నిచోట్లా వాడరు. యాంటీబాడీలతో క్రిమిని గోధుమరంగులో చూపించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అన్నిటికన్నా కచ్చితమే కానీ ఖర్చెక్కువ.

ఎన్ని రంగులున్నా ఓ చిక్కుంది. షాపులో కొని నెలల తరబడి మింగే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మాత్రలు ఆమ్లాన్ని తగ్గించడంతో క్రిమి సంఖ్య పడిపోతుంది. పైగా కడుపు దిగువ భాగం వదిలి పైకి చేరుతుంది. దిగువ నుంచే ముక్క తీస్తే స్లైడులో ఏమీ ఉండదు. రిపోర్టులో 'బ్యాక్టీరియా లేదు' అని వస్తుంది. పుండు మాత్రం అలాగే ఉంటుంది! దీన్ని తప్పించడానికే సిడ్నీ విధానంలో దిగువ రెండు, పైన రెండు, మధ్య వంపులో ఒకటి చొప్పున అయిదు ముక్కలు తీయాలంటారు. పరీక్షకు రెండు వారాల ముందు ఆ మాత్రలూ, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్, బిస్మత్ మందులూ ఆపాలి. అయితే సొంతంగా కాదు, డాక్టరుని అడిగే. రక్తస్రావమవుతున్న పుండు ఉన్నవాళ్లు మాత్ర ఆపితే ప్రమాదం. అలాంటప్పుడు వాడుతున్న ప్రతి మాత్రా చెబితే, డాక్టరు దాన్ని ల్యాబుకి పంపే చీటీ మీద రాస్తారు. అది చదివిన పాథాలజిస్టు స్లైడును మరింత పట్టిపట్టి చూస్తారు, అవసరమైతే ఇంకో రంగు వేస్తారు.

క్రిమి దొరికితే సాధారణంగా రెండు వారాల మందుల కోర్సు. పూర్తయిన నెలకు అది పోయిందో లేదో మళ్లీ చూడాలి. దానికి చాలామందికి గొట్టం మింగే పని లేదు. శ్వాస పరీక్షో, మల పరీక్షో సరిపోతుంది.