మైకుకు తలుపు: నాయిస్ గేట్

సభలో నాలుగు మైకులు పెడతారు. మాట్లాడేది ఒక్కరే. మిగిలిన మూడూ ఊరుకుంటాయా? ఊరుకోవు. ఫ్యాన్ల హోరు, కుర్చీల కిర్రు, స్పీకర్లలోంచి తిరిగివచ్చిన ధ్వని - అన్నీ పోగుచేసి ఆంప్లిఫయరుకు అందిస్తూనే ఉంటాయి. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కుయ్యిమనే ఫీడ్‌బ్యాక్ కూత పుట్టకుండా మనం పెంచుకోగల శబ్దం సుమారు 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. ఒక మైకు నాలుగైతే 6 డెసిబెల్స్ నష్టమన్నమాట.

దీనికి విరుగుడే నాయిస్ గేట్. పేరుకు తగ్గట్టే ఇదొక తలుపు. మైకులోంచి వచ్చే సంకేతం మనం గీసిన గీతను దాటితే తెరుచుకుంటుంది, దిగువకు పడితే మూసుకుంటుంది. ఆ గీత పేరు త్రెషోల్డ్. ఎంత వేగంగా తెరుచుకోవాలో చెప్పేది అటాక్. మూసుకునేముందు కాసేపు ఆగమనేది హోల్డ్. ఎంత నెమ్మదిగా మూసుకోవాలో చెప్పేది రిలీజ్. మూసుకున్నప్పుడు శబ్దం ఎంత తగ్గాలో చెప్పేది రేంజ్.

అమర్చేముందు మైకును నోటికి దగ్గర చేయాలి. దూరం సగమైతే నేరుగా అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫ్యాను హోరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తర్వాత గెయిన్ సరిచేసి, ఫ్యాన్లన్నీ వేసి, అప్పుడు త్రెషోల్డ్ పెట్టాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆపరేటరు "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని గట్టిగా అరిచి, ఆ గొంతుకు సరిపోయేలా గీత గీసేస్తాడు. సాయంత్రం వక్తృత్వపు పోటీలో మెల్లని గొంతున్న ఫస్టియర్ విద్యార్థిని లేచి "సభాధ్యక్షులకు" అంటుంది. హాలుకు వినిపించేది "భాధ్యక్షులకు"! మాట మింగింది యంత్రం, నవ్వులపాలయ్యేది ఆ అమ్మాయి. కాబట్టి అందరికన్నా మెల్లగా మాట్లాడేవారి గొంతుకు కాస్త దిగువనే గీత ఉండాలి.

మాట చివర కూడా జాగ్రత్త అవసరం. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. వాక్యం చివరికొచ్చేసరికి గొంతు జారిపోతుంది. "వచ్చాను", "వచ్చారు" - వచ్చిందెవరో తెలిసేది ఆ చివరి అక్షరంలోనే. తలుపు చటుక్కున మూసుకుంటే అర్థమే పోతుంది. అందుకే ప్రసంగాలకు అటాక్ 1 నుంచి 5 మిల్లీసెకండ్లు, హోల్డ్ 200, రిలీజ్ 300 నుంచి 500 వరకు పెట్టి మొదలుపెట్టండి; తర్వాత చెవితో విని సవరించుకోండి. రేంజ్ 10, 15 డెసిబెల్స్ చాలు. పూర్తిగా మూసేస్తే హోరు వస్తూ పోతూ ఉండి మరింత చికాకు పెడుతుంది.

ఒక్క సంగతి మరవకూడదు. తలుపు తెరిచి ఉన్నంతసేపూ గొంతుతోపాటు హోరూ లోపలికి వస్తుంది. ఇది జల్లెడ కాదు. హోరుకూ మెల్లని గొంతుకూ మధ్య గీత గీసే చోటే దొరక్కపోతే గేటును ఆపేసి, ఫేడరు మీద వేలుంచడమే మేలు.

ఈసారి వార్షికోత్సవానికి మైకులు పరీక్షించేటప్పుడు, గట్టి గొంతువాళ్ళతోపాటు మెల్లగా మాట్లాడేవాళ్ళనూ తప్పకుండా స్టేజీ మీదికి పిలవండి.