పుల్లల కట్టతో లెక్క

ముసునూరు చుట్టుపక్కల మామిడి తోటలు ఎక్కువ. కాపు కాలంలో ఆడవాళ్లు చాలామంది తోట పనికి పోతారు. కాయ లెక్క కావాలి. కూలి లెక్క కావాలి. లెక్క రాకపోతే ఎవరు ఎంత చెప్తే అంతే. అందుకే తమ పిల్లలకు లెక్కలు బాగా రావాలని తల్లులు కోరుకుంటారు.

రెండో తరగతి పిల్ల ఒకటి నుంచి నూరు దాకా గడగడా చెప్తుంది. తల్లి మురిసిపోతుంది. కానీ "23 పెద్దదా, 32 పెద్దదా?" అని అడిగితే పిల్ల తెల్లమొహం వేస్తుంది. ఎందుకని? పిల్లకు అంకెల పేర్లు వచ్చాయి. ఆ అంకె ఎంతో తెలియలేదు. వినడం, అప్పచెప్పడం ఒక్కటే చదువు అయితే ఇలాగే ఉంటుంది. చిన్నపిల్లలు కంటితో చూడాలి. చేత్తో పట్టుకోవాలి.

ఇందుకు పనికొచ్చే వస్తువులను బోధనోపకరణాలు అంటారు. వీటికి డబ్బు పెద్దగా అక్కరలేదు. చీపురు పుల్లలు, చింతపిక్కలు, ఎండిన మామిడి టెంకలు చాలు.

పది పుల్లలు ఒక కట్ట కట్టాలి. 23 అంటే రెండు కట్టలు, మూడు పుల్లలు. 32 అంటే మూడు కట్టలు, రెండు పుల్లలు. పక్కపక్కన పెడితే ఏది పెద్దదో పిల్లే చెప్తుంది.

ఇప్పుడు 32 లో 5 తీసేయాలి. విడి పుల్లలు రెండే ఉన్నాయి. చాలవు. అప్పుడు ఒక కట్ట విప్పాలి. విడి పుల్లలు 12 అవుతాయి. అందులో 5 తీస్తే 7 మిగులుతాయి. కట్టలు రెండు ఉన్నాయి. మొత్తం 27. పలక మీద "అప్పు తెచ్చుకో" అంటారే, అది ఈ కట్ట విప్పడమే.

ఈ సంగతి ప్రభుత్వాలకూ తెలుసు. 1984లో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలనీ, ఊళ్లో దొరికే వస్తువులే వాడాలనీ పంతుళ్లకు నేర్పారు. 1987లో కేంద్రం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం తెచ్చింది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, పటాలు, ఆటవస్తువులు ఉండాలన్నారు.

వస్తువులు వచ్చినా, కొన్ని బడుల్లో అవి బీరువా దాటలేదు. పగిలితే ఎవరు జవాబు చెప్పాలి అని టీచర్లకు భయం. అలా తాళం వేస్తే పిల్లలకు ఏం లాభం? ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసే బడిలో ఇవి ఇంకా అవసరం. ఒక తరగతికి పాఠం చెప్తుంటే, ఇంకో తరగతి పుల్లలతో లెక్క చేసుకుంటుంది.

ఇందులో తల్లులకూ హక్కు ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నలుగురికి ముగ్గురు పిల్లల తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. కమిటీలో ఉన్న తల్లులు బడికి వెళ్లి చూడాలి. నల్లబల్ల మీద రాత వెనక వరుసకు కనిపిస్తోందా? వస్తువులు పిల్లల చేతికి అందుతున్నాయా? వెనక కూర్చున్న పిల్లకూ అందుతున్నాయా? టీచరుగారిని మర్యాదగా అడగాలి. పుల్లలు, పిక్కలు కావాలంటే తల్లులే ఏరి ఇవ్వవచ్చు.

ఈ రాత్రి ఇంట్లో పది పుల్లల కట్టలు మూడు కట్టండి. పక్కన నాలుగు పుల్లలు పెట్టండి. ఎన్నో మీ పిల్లను అడగండి. అందులో 6 తీసేయమనండి.