వాన ఆపిన ఆట, తెర చూపిన పాట

1992 ఫిబ్రవరి 28న ఆస్ట్రేలియాలోని మెకే పట్టణంలో భారత్, శ్రీలంక జట్ల మధ్య ప్రపంచకప్ మ్యాచ్ జరగాలి. గంటల తరబడి వాన. తెరిపి ఇచ్చాక ఇరవై ఓవర్లకు కుదించి మొదలుపెట్టారు. రెండు బంతులు పడ్డాయి, ఒక్క పరుగు వచ్చింది, వాన మళ్లీ అందుకుంది. ఆట రద్దయింది. రికార్డు పుస్తకాల్లో ఆ మ్యాచ్ గురించి అంతకుమించి లేదు. మెకే చెరుకుకు పేరుపడ్డ ఊరు. మా ఊరు రావికమతం చుట్టుపక్కలా చెరుకు తోటలే. అక్కడ వాన పడుతుంటే మా ఊళ్లో బెల్లం వండే రోజులు. ఆట ఆగిన అలాంటి వేళల్లో మా ఇళ్లలో టీవీ తెర మీద ఏమొచ్చేదో, దాన్ని ఎవరెవరు కలిసి చూసేవారో మన సంఘం సంచికలో నమోదు కావాలని ఇది రాస్తున్నాను.

చోడవరం నుంచి నర్సీపట్నం వెళ్లే బి.ఎన్. రోడ్డు మీద ఉంటుంది మా ఊరు. ఒకప్పటి విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. 1982 ఆగస్టు 15న దూరదర్శన్ జాతీయ కార్యక్రమాలు, రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. 1984 నుంచి దేశమంతటా రిలే కేంద్రాలు వేగంగా పెరిగాయి. ఆ తరవాతే మా వైపు పల్లెల్లో టీవీ కనబడసాగింది. ఈసీ, డయనోరా, సాలిడేర్ అప్పట్లో అందరికీ తెలిసిన టీవీ కంపెనీల పేర్లు. వీధికి ఒకటో రెండో పెట్టెలు. డాబా మీద ఒకడు యాంటెనా తిప్పుతుంటే కింద నుంచి ఇంకొకడు "ఇంకాస్త కొండ వైపు తిప్పరా, ఆ... ఉంచు, ఉంచు!" అని కేకేసేవాడు. మ్యాచ్ రోజు ఆ ఇల్లు ఊరందరిదీ.

మైదానంలో వాన మొదలై పిచ్ మీద పట్టాలు పరిచాక, కాసేపు ఖాళీ గ్యాలరీలు చూపించి, ప్రసారం ఢిల్లీ స్టూడియోకి వచ్చేసేది. అక్కడ చేతికందిన రీలు వేసేవారు. పాత సినిమా పాట, ఫిలిమ్స్ డివిజన్ లఘుచిత్రం, అడవి జంతువుల మీద డాక్యుమెంటరీ, ఎప్పటివో పాత మ్యాచ్‌ల ముక్కలు. విజయా మూలే 1974లో తీసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా' అనే బొమ్మల చిత్రాన్ని మా తరం అలాంటి ఖాళీల్లోనే చూసింది. 1988 ఆగస్టు 15న తొలిసారి ప్రసారమైన 'మిలే సుర్ మేరా తుమ్హారా' కూడా అంతే. అందులో తమిళ చరణం అందుకునే మంగళంపల్లి బాలమురళీకృష్ణ కనబడగానే పెద్దవాళ్లు "మన గోదావరి ఆయన" అని పిల్లలకు చూపించేవారు.

ఆట నడుస్తున్నంతసేపూ టీవీ ముందు కుర్రాళ్లదే రాజ్యం. పాట మొదలవగానే వంటింట్లోంచి అమ్మలు వచ్చేవారు, అరుగు మీద నుంచి తాతలు లేచి వచ్చేవారు. "ఇది మా కాలం సినిమారా" అంటూ నాన్నమ్మ ఆ సినిమా కథంతా చెప్పేది. గానుగ దగ్గర నుంచి స్కోరు కనుక్కోవడానికి వచ్చినవాడూ ఓ పాట చూసి వెళ్లేవాడు. ఎవరూ కోరి పెట్టుకున్నది కాదు గనుక అది నచ్చలేదని గొడవపడేవారు లేరు. మార్చడానికి ఇంకో ఛానెల్ లేదు. ఆట ఒక వయసువాళ్లను కూర్చోబెడితే, వాన ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టింది. నా దృష్టిలో ఆ విరామాల విలువ ఇదే. పాత సినిమాల మీద మా తరానికి ఉన్న మమకారంలో సగం అలా పెద్దల పక్కన కూర్చుని చూడటం వల్ల వచ్చిందే.

అమెరికా వచ్చిన మనవాళ్లకు బేస్‌బాల్‌లోనూ ఇదే సంప్రదాయం కనబడుతుంది. వాన రాగానే మైదానం సిబ్బంది పెద్ద టార్పాలిన్ లాక్కొచ్చి పరుస్తారు. అంపైర్లు తెరిపి కోసం చూస్తారు. ఆ సమయంలో స్థానిక స్టేషన్లు పాత హాస్య ధారావాహికలు, పాత సినిమాలు వేసేవి. ఆటల హక్కులు, సినిమాల నిల్వ రెండూ ఒకే స్టేషన్ చేతిలో ఉండటమే దానికి కారణం. అట్లాంటాలో టెడ్ టర్నర్ తన స్టేషన్‌ను 1976 డిసెంబరులో ఉపగ్రహం ద్వారా దేశానికంతటికీ అందించాడు. అందులో బ్రేవ్స్ జట్టు ఆటలూ పాత సినిమాలూ పక్కపక్కనే నడిచేవి. 1986లో ఆయన ఎంజీఎం సినిమాల భాండాగారాన్నే కొన్నాడు. అమెరికాలో యాభై ఏళ్లు దాటినవాళ్లను కదిపితే ఫలానా పాత సినిమా వాన రోజునే చూశామని ఇష్టంగా చెబుతారు. మన పెద్దలూ వాళ్లూ ఒకే రకం జ్ఞాపకాన్ని దాచుకున్నారు.

తెలుగునాట 1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఛానెళ్లు వచ్చాయి. చేతికి రిమోట్ వచ్చింది. ఆట ఆగితే వేరే ఛానెల్‌కు వెళ్లిపోయే అలవాటు మొదలైంది. ఇప్పుడు వాన పడితే నిపుణుల చర్చ, ప్రకటనలు. ఇంట్లో ఎవరి ఫోను వారిది. అయినా 2020లో లాక్‌డౌన్‌తో లోకంలోని ఆటలు దాదాపు అన్నీ ఆగిపోయినప్పుడు దూరదర్శన్ మళ్లీ పాత పెట్టెనే తెరిచింది. మార్చి 28 నుంచి 'రామాయణ్' వేసింది, ఏప్రిల్‌లో పాత సీరియళ్ల కోసం డీడీ రెట్రో ఛానెల్ పెట్టింది. 1987లో ఆ సీరియల్ చూసినవాళ్లు ఈసారి మనవలను పక్కన కూర్చోబెట్టుకుని చూశారు.

ఆటలనూ వాన వేళల ప్రసారాలనూ అప్పట్లో పెద్దగా ఎవరూ దాచదగ్గవిగా చూడలేదు. అమెరికాలో 1960 వరల్డ్ సిరీస్ ఏడో ఆట పూర్తి రికార్డింగ్ పోయిందనే అందరూ అనుకున్నారు. 2009లో అది గాయకుడు బింగ్ క్రాస్బీ ఇంటి సెల్లార్‌లో దొరికింది. ఆయన సొంతంగా తీయించి దాచుకోబట్టి అది మిగిలింది. మన ఇళ్లలోనూ అలాంటివి ఉండవచ్చు. ఎనభైలు, తొంభైలలో ఊరి నుంచి తెచ్చుకున్న వీహెచ్ఎస్ క్యాసెట్లు అమెరికా వీసీఆర్‌లలో ఆడేవి కావు. ఇండియాది పాల్ పద్ధతి, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. దాంతో చాలామంది వాటిని అటక మీద పెట్టి మరచిపోయారు. పెళ్లి వీడియో చివర మిగిలిన టేపులో ఒక మ్యాచ్, ఆ మ్యాచ్ నడుమ ఒక వాన, ఆ వానలో ఒక పాట ఉండవచ్చు. టేపు మీది అయస్కాంత పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, కాబట్టి ఆలస్యం చేయకూడదు.

అందుకే సంఘం సభ్యులకు నా మనవి. ఆ క్యాసెట్లను బయటికి తీయండి, పాల్ టేపులు చదవగల చోట డిజిటల్‌లోకి మార్పించండి. తేదీ, ఊరు, అందులో ఏముందో రాసి పెట్టండి. ఆ పని చేసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పాట ఏ సినిమాలోదో, ఎవరింట్లో చూశారో అడిగి పిల్లల చేత రాయించండి. వచ్చే సంచికలో రావికమతం, నర్సీపట్నం వైపు ఇళ్ల నుంచి అలాంటి పది జ్ఞాపకాలైనా అచ్చు వేయగలిగితే, ఏ భాండాగారంలోనూ లేని చరిత్రను మనం నిలబెట్టినవాళ్లం అవుతాం.