నోటి శస్త్రచికిత్స: ఆరోగ్య బీమా ఎప్పుడు వర్తిస్తుంది?

పళ్ళ వైద్యానికి బీమా రాదు అనే మాట మీరు వినే ఉంటారు. అది సగమే నిజం. స్కూటరు ప్రమాదంలో దవడ ఎముక విరిగితే, ఆసుపత్రిలో చేర్చి ప్లేట్లు అమర్చిన ఖర్చును మన దేశంలోని చాలా ఆరోగ్య బీమా పాలసీలు చెల్లిస్తాయి. అడ్డంగా పెరిగిన జ్ఞానదంతాన్ని దంతవైద్యుని కుర్చీలోనే తీయించుకుంటే సాధారణంగా చెల్లించవు. రెండూ నోటి శస్త్రచికిత్సలే. మరి తేడా ఎక్కడ?

పాలసీ ముఖ్యంగా చూసేది చికిత్స జరిగిన తీరును. కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండటం మూల నియమం. దీనికి మినహాయింపు ‘డే కేర్’. అంటే, ఒకప్పుడు రోజుకు మించి ఆసుపత్రిలో ఉండవలసిన చికిత్స, వైద్య సాంకేతికత పెరగటం వల్ల ఇప్పుడు కొన్ని గంటల్లో ముగియటం. మామూలుగా ఔట్ పేషెంటుగానే చేసే పని ఈ నిర్వచనంలోకి రాదు. నా జ్ఞానదంతం క్లెయిమును తోసిపుచ్చింది ఈ వాక్యం ఆధారంగానే. మత్తు సూది, కుట్లు అన్నీ ఉన్నాయి కదా అని వాదించాను. అవి లెక్కలోకి రాలేదు.

2020 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఆరోగ్య సంజీవని’ ప్రామాణిక పాలసీలో, వ్యాధి లేదా గాయం వల్ల అవసరమైన దంత చికిత్స చేరి ఉంది. అక్కడా ఆసుపత్రి నియమం తప్పదు. ఆమోదించిన మొత్తంలో 5 శాతం మీరే భరించాలి. మొదటి 30 రోజుల నిరీక్షణ వ్యాధులకే, ప్రమాదాలకు కాదు.

కాబట్టి శస్త్రచికిత్సకు ముందే, ఆసుపత్రిలో ఎందుకు చేరాలో వైద్యునితో స్పష్టంగా రాయించి, బీమా సంస్థ అనుమతి అడగండి. కాదంటే కారణాన్ని లిఖితపూర్వకంగా తీసుకోండి. సంస్థకు ఫిర్యాదు చేసినా ఫలితం లేకపోతే, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, రుసుము లేదు.