గోడకు మేకు ఎక్కడ కొట్టాలి?

మే నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా మన నగరాల్లో ఇళ్లు మారే కాలం. బడులు తెరవకముందే కొత్త పోర్షన్‌లో చేరాలని కుటుంబాలు, తరగతులు మొదలయ్యేలోగా ఏదో ఒక గది చూసుకోవాలని విద్యార్థులు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ వీధి వీధీ తిరుగుతుంటారు. గేట్లకు కట్టిన టులెట్ బోర్డుల్లో కొన్నిటి మీద ఫోన్ నంబరు కింద మరో మాట ఉంటుంది: ‘శాకాహారులకు మాత్రమే’. బోరు నీళ్లు, రెండు నెలల అడ్వాన్సు, బండి పెట్టుకునే చోటు వంటి షరతుల్లో ఇదీ ఒకటి అన్నట్టుగా చదివి ముందుకు సాగిపోతాం.

కానీ 2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ ప్రాథమిక సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పదిహేనేళ్లు నిండినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. మిగిలిన రెండు శాతం లోపు మందికే ఈ బోర్డుల ఇళ్లన్నీ చెందుతాయంటే నమ్మడం కష్టం. నిజంగా ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టని యజమానులు ఉన్నారు. వారి ఇబ్బంది వేరు, దాని గురించి తరువాత చెబుతాను. ఆదివారం ఉదయం మాంసం కొట్టు ముందు సంచీ పట్టుకుని నిలబడి, సాయంత్రం ఇల్లు చూడటానికి వచ్చినవారితో ‘మా ఇంట్లో నీచు వండకూడదండీ’ అనే యజమానులనూ నేను ఎరుగుదును. వారికి కావలసిన సమాచారం కూర గురించి కాదని అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు.

‘మీరేమిట్లు?’ అని సూటిగా అడగటం పట్నంలో ఇప్పుడు కాస్త మోటుగా అనిపిస్తోంది. అందువల్ల ప్రశ్న చుట్టు తిరిగి వస్తుంది. మొదట ఇంటిపేరు. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉండటం మన దగ్గర మామూలే కనుక దానితో తేలదు. అప్పుడు సొంతూరు, ఆ తరువాత ‘ఊళ్లో ఎటువైపు?’ అన్న ప్రశ్న. ఉద్యోగం వచ్చిన ఏడాది, ర్యాంకు, ఆదివారం ఎక్కడికి వెళతారన్న ఆరా. ఇవేవీ ఫలించకపోతే చివరికి వంటింటికి వస్తారు. నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని ఇటీవల ఇల్లు వెతుక్కుంటూ ఎదుర్కొన్న సంభాషణను నాకు యథాతథంగా చెప్పింది. ‘నాన్‌వెజ్ తింటారామ్మా?’ ‘తింటామండీ.’ ‘ఏమేం తింటారు?’ ‘చికెన్, మటన్, చేపలు.’ యజమానురాలు కాసేపు ఆగి ‘అంతేనా?’ అన్నదట. ఆ ‘అంతేనా’లో పెద్దకూర ఉంది, దాని వెనుక వాడ ఉంది. అమ్మాయి ‘అంతేనండీ’ అని అబద్ధం చెప్పింది. అయినా రెండు రోజుల తరువాత ‘మా చుట్టాలు వస్తున్నారమ్మా, వాళ్లకే ఇస్తున్నాం’ అని ఫోన్ వచ్చింది. బోర్డు మాత్రం మరో నెల దాకా గేటుకు వేలాడుతూనే ఉంది.

వంటింటికి ఈ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే పాత ఇళ్ల అమరికను ఒకసారి గుర్తు చేసుకోవాలి. కోస్తా జిల్లాల మండువా లోగిలిలో వీధి అరుగు, వసారా, నడవ, మండువా, ఆ పైన వంటిల్లు, దాని వెనుక పెరడు. ఎవరు ఎంతవరకు రావచ్చునో ఇల్లే చెప్పేది. కొందరు అరుగు దగ్గర ఆగాలి, కొందరు వసారాలో కూర్చోవచ్చు. వంటింటి గడప దాటడం తమవారికే. పని చేయవలసినవారు పెరటి దోవన వచ్చి, పెరట్లోనే గంజి తాగి, ఆ దోవనే వెళ్లాలి. ఊరికీ వాడకూ మధ్య దూరం ఉండనే ఉంది కనుక ఇల్లు అద్దెకు ఇచ్చే ప్రసక్తే లేదు. కులం ఇక్కడ ఒక అభిప్రాయంగా కాక, గోడలుగా, గడపలుగా ఉండేది.

అపార్ట్‌మెంటులో ఆ సౌకర్యం పోయింది. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకు ఒకటే తలుపు. లోపలికి అడుగుపెడితే హాలు, పక్కనే వంటిల్లు. ఈ మధ్య ఇంటీరియర్ డిజైనర్లు ఆ ఉన్న ఒక్క గోడనూ కొట్టేసి ఓపెన్ కిచెన్ చేస్తున్నారు. పై ఫ్లాటు కింది ఫ్లాటు వంటిళ్లు ఒకే గొట్టం చుట్టూ అమరి ఉంటాయి, పోపు ఘాటు ఎవరి అనుమతీ అడగదు. ఇంటి లోపల గీత గీయడానికి చోటు లేకపోయేసరికి ఆ గీత గేటు దగ్గరికి జరిగింది. పాత ఇంట్లో మనిషి ఎక్కడ ఆగాలో గడప నిర్ణయించేది. ఇప్పుడు ఆ పని బోర్డు మీది ఒక్క మాట చేస్తోంది. దీని ఫలితం అంకెల్లోనూ కనిపిస్తుంది. 2001 జనగణన వార్డు లెక్కల ఆధారంగా హైదరాబాద్ సహా ఏడు మహానగరాలను పరిశీలించిన త్రినా వితయతిల్, గాయత్రి సింగ్‌లు 2012లో ఒక వ్యాసం ప్రచురించారు. నగరాల్లో నివాసాలు విడివడి ఉండటంలో ఆర్థికస్థాయి కంటే కులం పాత్రే ఎక్కువని వారు తేల్చారు. డబ్బు వస్తే కులం కరిగిపోతుందని మన మధ్యతరగతి చెప్పుకునే మాట కనీసం అద్దె ఇంటి విషయంలో రుజువు కాలేదు.

1917లో అంబేద్కర్ ఉన్నత చదువులు చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకు ఊళ్లో ఇల్లు దొరకలేదు. పేరు మార్చుకుని ఒక పార్శీ సత్రంలో తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు ఖాళీ చేయమంది. ఈ ఘట్టం చాలామందికి తెలుసు. ఆ తరువాత జరిగినదాన్ని అంతగా తలచుకోం. ఆయన ఇద్దరు మిత్రులను ఆశ్రయించాడు. హిందువైన మిత్రుడు, నువ్వు మా ఇంటికి వస్తే మా పనివాళ్లు మానేస్తారన్నాడు. క్రైస్తవుడైన మిత్రుడు, తన భార్య మర్నాడు వస్తుంది, ఆమెను అడిగి చెబుతానన్నాడు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబం నుంచి మతం మారినవారనీ, భర్త ఆలోచనలు మారినా భార్య ఆచారం మారలేదనీ, అది మర్యాదగా లేదనడమేననీ అంబేద్కర్‌కు తరువాత అర్థమైంది. రాత్రి బొంబాయి రైలు వేళ దాకా ఆయన ఒక తోటలో కూర్చున్నాడు.

ఇద్దరు మిత్రులూ ‘నేను ఒప్పుకోను’ అనలేదు. ఒకరు పనివాళ్లను, ఒకరు భార్యను ముందు పెట్టారు. నూరేళ్లు దాటాక ఈనాటి యజమాని ‘నాకేం పట్టింపు లేదండీ, మా అత్తగారే...’ అంటాడు. మనిషి ఎదుట నిలబడి కాదనవలసిన బాధ్యతను ఇంట్లో ఉన్న వృద్ధురాలి మీదకు నెట్టడం మన సంస్కారవంతుల పాత అలవాటు. ఆ అత్తగార్లలో కొందరిని కలిశాను. వారు అల్లుళ్ల కంటే మెరుగు.

ఇల్లు దొరకకపోవడం ఒక ఎత్తు, దొరికిన ఇంట్లో బతకడం మరో ఎత్తు. పద్దెనిమిదేళ్ల క్రితం మేం అద్దెకు దిగినప్పుడు ఇల్లు చూపించిన బ్రోకరు మంచివాడు. సామాను దించుతుంటే మా నాన్న ఫ్రేము కట్టించి ఇచ్చిన అంబేద్కర్ పటం చూశాడు. గొంతు తగ్గించి ‘మేడమ్, ఆ ఫొటో బెడ్‌రూమ్‌లో పెట్టుకోండి, హాల్లో వద్దు’ అన్నాడు. మా మేలు కోరే చెప్పాడు. ఒప్పందంలో గోడలకు మేకులు కొట్టరాదని ఒక షరతు కూడా ఉంది. పాలు పొంగించిన రోజు యజమానురాలు పసుపు కుంకుమలతో వచ్చి హాలు, దేవుడి మూల, వంటింటి గట్టు అన్నిటినీ ఒకసారి కలయజూసింది. పటం మంచం కింద ఉంది. ఆ ఇంట్లో మేం మూడేళ్లు ఉన్నాం. పటం బీరువా పక్కకు జరిగింది తప్ప హాల్లోకి రాలేదు.

గృహాలంకరణ గురించి పత్రికల ప్రత్యేక సంచికల్లో బోలెడు సలహాలు వస్తాయి. గుమ్మం ఎదుటి గోడకు ఏ రంగు వేయాలి, ఏ చిత్రం పెట్టాలి అని. గుమ్మం ఎదుటి గోడను యజమాని కళ్లతో చూసి అలంకరించుకునే ఇళ్లు ఈ నగరంలో ఎన్ని ఉన్నాయో ఆ సంచికలకు పట్టదు. శిలువ ఉన్న క్యాలెండర్‌ను తలుపు వెనక్కి తిప్పినవారు, ఏనాడూ కొలవని దేవుడి పటాన్ని తగిలించినవారు నాకు తెలుసు. వంటింట్లో అయితే ఇది రోజువారీ శ్రమ. ఎండు చేపలు వేయించాలంటే ముందు వీధివైపు కిటికీలు మూయాలి, అగరొత్తి వెలిగించాలి. చిమ్నీ పొగ కోసం అని కంపెనీ చెబుతుంది. మా సహోద్యోగి ఒకరు దాన్ని కేవలం వాసన కోసం, అదీ అద్దె ఇంటికి, సొంత డబ్బుతో బిగించుకున్నారు. ఎముకలను కాగితంలో చుట్టి, ఆపైన రెండు క్యారీ సంచుల్లో పెట్టి, చెత్త ఆటోలో వేయకుండా ఆఫీసుకు వెళ్లే దారిలో పారవేసేవారున్నారు. ఊళ్లో మా అమ్మమ్మ పెద్దకూర తునకలను దండెం మీద ఆరబెట్టి కాకుల్ని తోలుతూ కూర్చునేది. ఆమెకు అద్దె ఇల్లు లేదు కనుక ఆ స్వేచ్ఛ ఉంది, వాడలో ఉండటమే దానికి ఆమె చెల్లించిన మూల్యం. పిల్లలకు ‘కింది ఆంటీ అడిగితే పప్పు అని చెప్పు’ అని నేర్పవలసిన అవసరం ఆమెకు రాలేదు. నాకు వచ్చింది.

ఇక గిన్నెల సంగతి. ఎవరింటి నుంచైనా గిన్నెలో ఏదైనా వస్తే ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని మనకు ఆచారం. మూడేళ్లలో ఆ యజమానురాలు ప్రతి పండుగకూ పులిహోర పంపింది, స్టీలు గిన్నెలో కాక ఎప్పుడూ కాగితపు పళ్లెంలోనే. పళ్లేన్ని తిరిగి ఇవ్వనక్కరలేదు. దానిలో మా వంటింటి నుంచి ఏదీ పైకి వెళ్లే అవకాశం ఉండదు. ఆమె ప్రేమగానే పంపేది. అందుకే ఆ లెక్క అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

‘నా ఇల్లు నా ఇష్టం’ అనే వాదం బలమైనదే. గోడకు అవతల చేప వేగుతుంటే నిజంగా వాంతి వచ్చే మనిషిని తప్పుపట్టలేం. అటువంటివారు వాసన గురించి అడగవచ్చు. అది అందరికీ ఒకే షరతుగా ఉండాలి, ఇంటిపేరు విన్నాక మారకూడదు. చట్టం మాత్రం ఈ విషయంలో మనం అనుకునేంత మౌనంగా లేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసగృహంలో ఉండకుండా అడ్డుకోవడాన్ని నేరంగా పేర్కొంది. నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. బాధితులు షెడ్యూల్డ్ కులాలవారైతే, వ్యతిరేకంగా రుజువు కానంతవరకు అది అంటరానితనం కారణంగానే జరిగిందని న్యాయస్థానం భావించాలని 12వ సెక్షన్ చెబుతుంది. ఇంత స్పష్టమైన చట్టాన్ని ‘చుట్టాలు వస్తున్నారు’ అనే ఒక్క మాట నిరాయుధం చేస్తోంది. ఇల్లు దొరకని మనిషి పోలీసుస్టేషనుకు కాక మరో టులెట్ బోర్డు దగ్గరికే వెళతాడు. అతనికి ఆ రాత్రికి తలదాచుకునే చోటు కావాలి.

రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగం దుకాణాలు, హోటళ్లలో ప్రవేశానికి అడ్డు చెప్పరాదంది కానీ ఇంటి పేరు ఎత్తలేదు. అయితే 1948 నవంబరులో రాజ్యాంగసభలో అంబేద్కర్ ‘దుకాణం’ అనే మాటను విశాలార్థంలో వాడామని, డబ్బు తీసుకుని సేవ అందించే ఎవరికైనా అది వర్తిస్తుందని వివరించాడు. 2011లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటకు విస్తృతమైన అర్థమే చెప్పింది. మరోవైపు 2005లో అహ్మదాబాద్‌లోని ఒక పార్శీ గృహనిర్మాణ సహకార సంఘం తమ మతస్థులకే సభ్యత్వమన్న నియమాన్ని అదే న్యాయస్థానం సమర్థించింది. నా మటుకు నాకు, గేటుకు బోర్డు కట్టి అద్దె చెప్పిన క్షణం నుంచి ఆ పోర్షన్ అంగడిలో సరుకే. తాను నివసించే ఇంట్లోకి ఎవరిని పిలవాలన్నది యజమాని ఇష్టం. అమ్మకానికి పెట్టినదాన్ని కొనేవాడి కులం చూసి కట్టేయడం అటువంటి ఇష్టం కిందికి రాదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సుల గురించి, ఖాళీ చేయించడం గురించి వివరంగా చెప్పి, వివక్ష గురించి ఒక్క నిబంధనైనా పెట్టకపోవడం చిన్న లోపం కాదు.

ఇప్పుడు మాకు సొంత ఇల్లు ఉంది. పటం హాల్లో, గుమ్మానికి ఎదురుగా ఉంది. నిరుడు పై పోర్షన్ ఖాళీ అయినప్పుడు బ్రోకరు ఫోన్ చేసి ‘ఎట్లాంటి వాళ్లకు ఇద్దామంటారు మేడమ్?’ అన్నాడు. అద్దె సక్రమంగా కట్టేవాళ్లకు అన్నాను. నేనింకా ఏదో చెబుతానని అతడు కాసేపు లైన్లోనే ఉన్నాడు. మొదట వచ్చిన దంపతులకు ఇల్లు నచ్చింది. అడ్వాన్సు మాట్లాడుకుందామని కిందికి వచ్చి మా హాల్లో కూర్చున్నారు. ఆవిడ చూపు గోడ మీద పడింది. మంచినీళ్లు ఇవ్వబోతే దాహం లేదన్నారు. ఊరికి ఫోన్ చేసి కనుక్కుని చెబుతామని వెళ్లినవారు మళ్లీ రాలేదు. ఆ తరువాత వచ్చిన రెండు కుటుంబాలూ అంతే. ఇల్లు అద్దెకు దొరకకపోవడం గురించి ఇన్నాళ్లూ మాట్లాడాను. ఇల్లు ఉన్నా అద్దెకు దిగేవారు దొరకరన్నది నాకు కొత్త పాఠం. మావారు సరదాగానే, ‘ఒక నెల పాటు పటం బెడ్‌రూమ్‌లో పెడదామా?’ అన్నారు. ఇద్దరం నవ్వలేదు.

మూడో నెలలో ఒక నర్సు కుటుంబం వచ్చింది. ఆమె పటాన్ని చూసింది, ఏమీ అనలేదు. అన్నీ కుదిరాక మెట్ల దగ్గర నిలబడి, ‘ఆదివారం ఎండు చేపలు వండుకుంటామండీ, ఇబ్బందేమీ లేదు కదా?’ అని అడిగింది. లేదన్నాను. గోడకు మేకులు కొట్టుకోవచ్చా అని కూడా అడిగింది. పాలు పొంగించిన రోజు వాళ్ల పెద్దమ్మాయి స్టీలు గిన్నెలో సేమ్యా పాయసం తెచ్చి ఇచ్చింది. గిన్నె కడిగి వంటింటి గట్టు మీద పెట్టాను. ఖాళీగా పంపకూడదు కనుక ఆదివారం దాకా ఆగి, మా చేపల పులుసు పోసి పైకి తీసుకెళ్లాను.