సముద్రంలో సున్నం ఎందుకు పేరుకోదు?

రాయలసీమలో సదుం వైపు ఏ ఇంట్లోనైనా నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డును చూడండి. కొన్న కొత్తలో తళతళలాడిన చుట్ట కొన్నాళ్లకే తెల్లటి పెంకు కడుతుంది. గోటితో గీరితే ఊడదు. నిమ్మరసం పిండితే మాత్రం నురగలు తీస్తూ కరుగుతుంది. అది కాల్షియం కార్బొనేట్, సున్నపురాయిలో ఉండేదే. మదనపల్లె, పుంగనూరు మెట్టల్లో బోర్లు తోడేది రాతి పగుళ్లలో నిలిచిన నీటిని. అందులో కరిగి ఉన్న కాల్షియం, బైకార్బొనేట్ వేడి తగలగానే కలిసి ఇలా రాడ్డుకు అంటుకుంటాయి.

లీటరు సముద్రపు నీటిలో కాల్షియం సుమారు 410 మిల్లీగ్రాములు ఉంటుంది. మన బోరు నీళ్లలో మామూలుగా ఉండేదానికి ఇది కొన్ని రెట్లు. రసాయన లెక్క వేస్తే, వెచ్చని సముద్రాల పైపొర నీరు పట్టి ఉంచగలిగిన దానికంటే చాలా ఎక్కువ కాల్షియం కార్బొనేట్‌ను మోస్తోంది. ఆ లెక్కన సముద్రం పాలలా తెల్లబడి, అడుగున సున్నం పేరుకుపోవాలి. అలా జరగడం లేదు. దానికి ప్రధాన కారణం మెగ్నీషియం.

సముద్రపు నీటిలో మెగ్నీషియం లీటరుకు సుమారు 1,300 మిల్లీగ్రాములు, అంటే బరువులో కాల్షియానికి మూడింతలు. మెగ్నీషియం అయాన్ చిన్నది. నీటి అణువులను తన చుట్టూ గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఓ పట్టాన వదలదు. కాల్షియం కార్బొనేట్ స్ఫటికం పుట్టి పెరగబోయే వేళ ఈ అయాన్ దాని అంచుకు వచ్చి అతుక్కుంటుంది. గోడ కట్టే మేస్త్రీకి వరసలో కొలత తప్పిన ఇటుక ఒకటి పడితే దానిమీద తర్వాతి వరస కుదురుకోదు కదా, ఇదీ అంతే. స్ఫటికం పెరుగుదల అక్కడే మందగిస్తుంది. దాంతో కాల్షియం, కార్బొనేట్ నీటిలోనే ఉండిపోయి పగడాలకూ, ఆల్చిప్పలకూ, రొయ్యలకూ అందుబాటులో ఉంటాయి.

ఈ ఏర్పాటు భూమి మీద ఎల్లకాలం ఇలాగే లేదు. క్రెటేషియస్ యుగంలో, డైనోసార్లు తిరిగిన కాలంలో, సముద్రంలో మెగ్నీషియం పాలు చాలా తక్కువ. సముద్రగర్భంలోని వేడి బసాల్టు రాళ్ల గుండా నీరు పారినప్పుడు అది మెగ్నీషియాన్ని రాతికి వదిలేసి కాల్షియాన్ని తెచ్చుకుంటుంది. అప్పట్లో ఆ పని ఇప్పటికంటే జోరుగా సాగిందని శాస్త్రవేత్తల అంచనా. ఇప్పుడు అయాన్ల లెక్కన కాల్షియం ఒకటైతే మెగ్నీషియం ఐదు. అప్పుడు రెండూ దాదాపు సమానం. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు జస్టిన్ రీస్, స్టీవెన్ స్టాన్లీ, లారెన్స్ హార్డీ ఆనాటి పాళ్లతో కృత్రిమ సముద్రపు నీరు తయారుచేసి అందులో నేటి పగడాలను పెంచారు. పగడం తన అస్థిపంజరాన్ని అరగొనైట్ అనే ఖనిజంతో కడుతుంది. ఆ నీటిలో మాత్రం కొంత భాగాన్ని కాల్సైట్ అనే మరో ఖనిజంతో కట్టింది, పైగా నెమ్మదిగా పెరిగింది. ఉప్పదనం మారలేదు, మారింది పాళ్లే. నాకు ఈ ప్రయోగం పాఠ్యపుస్తకాల్లో చేర్చదగ్గదనిపిస్తుంది.

పగడాల అక్వేరియం పెంచేవాళ్లు మెగ్నీషియాన్ని లీటరుకు 1,250 నుంచి 1,350 మిల్లీగ్రాముల మధ్య నిలబెట్టాలని తాపత్రయపడేది ఇందుకే. అది బాగా తగ్గిన తొట్టిలో ఒక వింత కనిపిస్తుంది. కాల్షియం పోస్తే క్షారత, అంటే నీటిలోని బైకార్బొనేట్, కార్బొనేట్ పాలు, పడిపోతుంది, క్షారత కోసం సోడా కలిపితే కాల్షియం పడిపోతుంది. ఎంత పోసినా రెండూ నిలవవు. తీరా చూస్తే పోసినదంతా హీటరు మీద, పంపు రోటరు మీద తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. అప్పుడు ముందు సరిచేయాల్సింది మెగ్నీషియాన్ని. వంద లీటర్ల నీటిలో దాన్ని 1,150 నుంచి 1,300కు తేవాలంటే 15 గ్రాముల మెగ్నీషియం, అంటే నీరు పట్టి ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే సుమారు 125 గ్రాములు కావాలి. దాన్ని ఒక్కసారిగా కుమ్మరించకుండా రెండు మూడు రోజుల మీద కలపాలి. టమోటా తోటల్లో ఆకు ఈనెల మధ్య పసుపు రంగుకు తిరిగితే కొట్టడానికి మదనపల్లె ఎరువుల అంగళ్లలో దొరికే మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఇదే లోహాన్ని ఇస్తుంది. కానీ ఎరువుగా అమ్మేదాన్ని తొట్టిలో వేయకూడదు. అందులోని మలినాలను పంట తట్టుకుంటుంది గానీ పగడం తట్టుకోదు.

సదుంలాంటి మెట్ట ఊళ్లో తొట్టి పెట్టేవారికి ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలపు పొడిగాలికి నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. పోయేది నీరే, ఉప్పంతా తొట్టిలోనే మిగులుతుంది. తగ్గిన మేరకు బోరు నీళ్లు పోశారంటే ప్రతిరోజూ కాస్త కాల్షియం, కాస్త బైకార్బొనేట్ వచ్చి చేరుతుంటాయి, పాళ్లు మెల్లమెల్లగా జరిగిపోతాయి. ఆర్వో నీళ్లే పోయాలి. ఇక గట్టి పగడాలకు మన దేశంలో 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చోటుంది. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఎవరో తెచ్చి అమ్ముతున్నారని కొనే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

తెలుగు నేల మీద ఈ మెగ్నీషియం లెక్క గాజుతొట్టిలో కంటే రొయ్యల చెరువులో ఎక్కువ అక్కరకొస్తుంది. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక భీమవరం, కైకలూరు, నెల్లూరు ప్రాంతాల్లో చెరువులు విపరీతంగా పెరిగాయి. చాలాచోట్ల సముద్రపు నీరు అందదు, ఉప్పగా ఉండే బోరు నీళ్లే ఆధారం. వనామీ 5 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో ఐదు పాళ్ల, ఉప్పదనంలోనూ బతుకుతుంది కాబట్టి సాగు సాగిపోతోంది. కానీ భూగర్భపు ఉప్పునీటికి సముద్రపు పాళ్లు ఉండాలన్న నియమం లేదు. పొటాషియం, మెగ్నీషియం తరచూ తక్కువపడతాయి. రొయ్య తన ఒంట్లో లవణాలను సమంగా ఉంచుకోవడానికి వాడే ఎంజైముకు ఈ రెండూ కావాలి. అవి చాలకపోతే రొయ్య పెంకు విడిచాక కొత్త పెంకు వేళకు గట్టిపడదు. రైతులు లూజ్ షెల్ అని బాధపడేదానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఎంత ఉండాలో లెక్క తేలికే. సముద్రం 35 పీపీటీ, అందులో మెగ్నీషియం లీటరుకు 1,300 మిల్లీగ్రాములు. ఆ లెక్కన 5 పీపీటీ చెరువులో సుమారు 185 ఉండాలి, కాల్షియం 60కి కాస్త అటూ ఇటూగా, పొటాషియం 55 దాకా. నిజంగా ఎంత ఉందో చూడటానికి ల్యాబులో చెరువు నీటికి బఫరు, రంగుచుక్కలు వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. పైనుంచి ఈడీటీఏ ద్రావణాన్ని బొట్టుబొట్టుగా వదులుతూ పోతే ఒక్క బొట్టు దగ్గర అది నీలంగా మారిపోతుంది. అక్కడ ఆపి చదివితే మొత్తం హార్డ్‌నెస్, అంటే కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిసిన లెక్క. ఇంకో రంగుతో కాల్షియం హార్డ్‌నెస్ విడిగా తీస్తారు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి 0.243తో హెచ్చవేస్తే మెగ్నీషియం వస్తుంది. ఒక చెరువులో మొత్తం హార్డ్‌నెస్ 700, కాల్షియం హార్డ్‌నెస్ 300 వచ్చాయనుకోండి. 700 అనగానే ఖనిజాలకు లోటు లేదనిపిస్తుంది. లెక్క వేస్తే మెగ్నీషియం 97 మాత్రమే, కావలసినదాంట్లో సగం. కాల్షియం మాత్రం 120, అవసరానికి రెట్టింపు. ఈ చెరువుకు ఇంకా సున్నం చల్లితే పాళ్లు మరింత చెడతాయి.

ఇక్కడే రైతు డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. ఎకరం చెరువులో నాలుగడుగుల లోతున దాదాపు 49 లక్షల లీటర్ల నీరుంటుంది. పాతిక కిలోల మెగ్నీషియం సల్ఫేట్ బస్తాలో అసలు మెగ్నీషియం రెండున్నర కిలోలే. బస్తా మొత్తం చల్లినా నీటిలో పెరిగేది లీటరుకు అర మిల్లీగ్రాము. పది మిల్లీగ్రాములు పెరగాలంటే దాదాపు ఇరవై బస్తాలు కావాలి. మినరల్ మిక్స్ పేరుతో వచ్చే సంచి మీద మెగ్నీషియం శాతం ఎంతో చూసి, చెరువు నీటి పరిమాణంతో ఈ లెక్క వేసుకున్నాకే కొనాలి. సీడ్ (రొయ్య పిల్లలు) వదలడానికి ముందే పెద్ద లోటును పూడ్చుకోవాలి. భారీ వాన పడి ఉప్పదనం దిగినా, కొత్త బోరు నీళ్లు కట్టినా, ల్యాబుకు వెళ్లినప్పుడు పీపీటీతోపాటు రెండు హార్డ్‌నెస్‌లూ విడివిడిగా రాయించుకోవాలి.